చేయని పని ఎవరి మీద పడుతుంది? సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో పరిధి నిర్ణయం

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు ముందు తయారయ్యే పరిధి పత్రాల్లో ఎక్కువ భాగం ఆ వ్యవస్థ ఏమేం చేస్తుందో చెప్పే జాబితాలే. ఇన్ని స్క్రీన్లు, ఇన్ని రిపోర్టులు, ఒక మొబైల్ యాప్, ఎస్ఎంఎస్ సౌకర్యం అంటూ సాగే ఆ జాబితా చూసి కొనేవారు తృప్తి పడతారు, చేసిపెట్టేవారు ధర కడతారు. కొన్ని నెలల తర్వాత తగాదా వచ్చేది మాత్రం అందులో ఉన్న అంశాల మీద కాదు, లేని వాటి మీద. ఇది కూడా మీరే చేయాలి కదా అని ఒకరు, ఇది మా పరిధిలోకి రాదని మరొకరు వాదించుకునే ఆ పనులు సాఫ్ట్‌వేర్ కోసం ఆగవు. వాటిని గుమాస్తా రాత్రి పూట నోటుబుక్కులో చేస్తాడు, లేదా రైతు ఆఫీసుల చుట్టూ తిరిగి చేయించుకుంటాడు. అందువల్ల పరిధి నిర్ణయంలో రెండు భాగాలున్నాయి: వ్యవస్థ చేసే పనిని ఎంచుకోవడం ఒకటి, చేయని పని ఎవరి మీద పడుతుందో ముందే తెలుసుకొని, వారి పేరు పక్కన రాసిపెట్టడం మరొకటి. మొదటి దాని మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా రెండో దాని మీద పెట్టకపోవడమే చాలా ప్రాజెక్టుల అసలు జబ్బు.

నాగార్జునసాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు కింద మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అలాంటి ఒక మిల్లు తనకు సాఫ్ట్‌వేర్ కావాలని ఒక చిన్న కంపెనీని పిలిచిందని అనుకుందాం. మొదటి సమావేశంలో యజమాని నోటి నుంచి వచ్చే మాట దాదాపు ఇలాగే ఉంటుంది: "లెక్క మొత్తం కంప్యూటర్ల రావాలె. ఏడున్నా ఫోన్ల కనవడాలె." ఈ మాటను ఉన్నది ఉన్నట్టు రాసుకొని ఆఫీసుకు వెళ్లి స్క్రీన్లు గీయడం మొదలుపెట్టిన అనలిస్టు (అవసరాలు అడిగి రాసుకునే మనిషి) అప్పటికే దారి తప్పినట్టు లెక్క, ఎందుకంటే ఏ లెక్క తేలడం లేదన్నది ఆయన ఇంకా అడగలేదు.

అడిగితే తెలిసేది ఏమిటంటే, ఆ మిల్లులో జరుగుతున్నది ఒక వ్యాపారం కాదు, రెండు. కోతల కాలంలో రైతులు ట్రాక్టర్లలో తెచ్చే సన్న వడ్లను యజమాని సొంత డబ్బుతో కొంటాడు. అదే యార్డులోకి ఐకేపీ (మహిళా సంఘాల), సహకార సంఘాల కొనుగోలు కేంద్రాల నుంచి లారీల్లో ప్రభుత్వ వడ్లు కూడా వస్తాయి. వాటిని మరాడించి, క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. నూక, తవుడు, ఊక మిల్లుకే మిగులుతాయి. కుప్పలు పక్కపక్కనే ఉంటాయి, హమాలీలు వాళ్లే, కాంటా అదే, కానీ ఒక కుప్ప సొంతం, మరో కుప్ప పరాయి సొత్తు. యజమాని "స్టాకు" అన్నప్పుడు ఏ కుప్ప సంగతి మాట్లాడుతున్నాడో తేల్చుకోకుండా స్టాకు రిపోర్టు తయారు చేస్తే, తనిఖీ అధికారులు వచ్చిన రోజున అది ఎవరికీ పనికిరాదు. నాలుగు ప్రశ్నలు అడిగాక బయటపడే అసలు బాధ ఇది: ప్రభుత్వానికి ఏ సీజన్ కింద ఎంత బియ్యం బాకీ ఉంది, దానికి సరిపడా వడ్లు యార్డులో ఉన్నాయా అనే రెండు అంకెలు ఏ రోజుకు ఆ రోజు తెలియడం లేదు. ఈ ఒక్క వాక్యం దొరికితే పరిధికి నడుమ భాగం దొరికినట్టే. వడ్ల రాక, మిల్లింగ్, బియ్యం అప్పగింత నడిమధ్యన నిలుస్తాయి. హమాలీ కూలీ, జీతాలు, జీఎస్టీ లెక్కలు అవసరమైనవే అయినా పక్కకు జరుగుతాయి, వాటిలో కొన్ని ఇప్పటికే టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో నడుస్తూ ఉంటాయి కూడా.

నడుమ దొరికాక అంచు వెతకాలి. దీనికి పాత పద్ధతే మంచి పద్ధతి: ఒక కాగితం మధ్యలో వ్యవస్థను ఒక వృత్తంగా గీసి, దాని చుట్టూ అది మాట్లాడవలసిన వారందరినీ రాసి, ఎవరి నుంచి ఏ కాగితం వస్తుందో, ఎవరికి ఏ కాగితం వెళుతుందో గీతలతో చూపడం. దీన్ని కాంటెక్స్ట్ డయాగ్రమ్ అంటారు. మిల్లు విషయంలో చుట్టూ ఉండేవారు కొనుగోలు కేంద్రం, పౌర సరఫరాల సంస్థ, బియ్యం దిగే గోదాము, వేబ్రిడ్జి, బ్యాంకు, టాలీ, ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టరు. గీత గీయడం సులువే, ఆ గీత మీద ఏం నడుస్తుందో చెప్పడంలోనే పని ఉంది. ఉదాహరణకు కేంద్రం నుంచి లారీతో పాటు ట్రక్ షీట్ వస్తుంది. అందులో ఇన్ని బస్తాలు, ఇంత బరువు అని ఉంటుంది. మిల్లు వేబ్రిడ్జి మీద అదే లారీ మరో బరువు చూపిస్తుంది. వ్యవస్థలోకి ఎక్కేది ఏ అంకె? రెండూ ఎక్కితే తేడాను ఎవరు ఒప్పుకోవాలి, ఒప్పుకొనే దాకా ఆ లారీ వడ్లు స్టాకులో ఉన్నట్టా లేనట్టా? ఇది ప్రోగ్రామరు తేల్చే విషయం కాదు, వ్యాపారం తేల్చుకోవలసిన నియమం. అలాంటి నియమం ఒకటి తేలకుండా ఉన్నంత కాలం "వడ్ల రాక" అనే అంశం పరిధిలో ఉందని రాసుకున్నా అది ఉన్నట్టు కాదు.

ఇదే గీత మీద మరో ఇబ్బందికరమైన ప్రశ్న కూడా ఉంటుంది. తేమ 17 శాతం దాటిందనో, తాలు ఎక్కువుందనో బస్తాకు ఇంత అని కోత పెడుతున్నారన్న ఫిర్యాదులు ప్రతి సీజన్‌లోనూ పత్రికల్లో వస్తూనే ఉంటాయి. కోత అంటూ ఉంటే అది వ్యవస్థలో నమోదవుతుందా? వ్యాపారం ఏదైనా దానికి రాయడానికి ఇష్టపడని లెక్క ఒకటి ఉంటుంది, ఆ సంగతి అవసరాల సేకరణ పుస్తకాల్లో కనిపించదు. అనలిస్టు నీతి బోధకుడు కాడు, కానీ అలాంటి లెక్కను చూడనట్టు వదిలేస్తే వ్యవస్థలోని స్టాకు, యార్డులోని స్టాకు ఎన్నటికీ కలవవు. ఆ తేడాకు చివరికి సాఫ్ట్‌వేరే దోషిగా నిలబడుతుంది. కాబట్టి యజమాని ముందు దాన్ని స్పష్టంగా పెట్టి, లోపలా బయటా అన్నది ఆయన చేతనే చెప్పించి రాయించుకోవడం తప్ప మరో మార్గం లేదు.

చుట్టూ ఉన్న వారిలో అతి ప్రమాదకరమైన గీత ప్రభుత్వ పోర్టల్‌తో ఉండేది. కొనుగోలు వివరాలు పౌర సరఫరాల శాఖ ఆన్‌లైన్ వ్యవస్థ ఓపీఎంఎస్‌లో నమోదవుతాయి గనుక, మిల్లు సాఫ్ట్‌వేర్ దానితో కలిసిపోతే ఎంతో బాగుంటుందని ఎవరికైనా తోస్తుంది. "ప్రభుత్వ పోర్టల్‌తో అనుసంధానం" అని పత్రంలో ఒక వరుస చేరుతుంది. ఆ వరుస రాసిన నాడు ఎవరూ అడగని ప్రశ్నలు చాలా ఉన్నాయి. ప్రైవేటు మిల్లు సాఫ్ట్‌వేర్‌ను తన వ్యవస్థకు కలుపుకోవడానికి ఆ శాఖ అనుమతి ఇస్తుందా, ఇస్తే ఎవరి పేరున లాగిన్, సమాచారం ఏ రూపంలో వస్తుంది, రోజుకు ఎన్నిసార్లు వస్తుంది? వీటికి జవాబు లేనప్పుడు ఆ వరుసను పరిధి నుంచి తీసేసి, బదులుగా "పోర్టల్‌లోని వివరాలను గుమాస్తా చూసి వ్యవస్థలో మళ్లీ ఎక్కిస్తాడు" అని రాయడం మేలు. చదవడానికి అందంగా ఉండదు, కానీ నిజం. పైగా ఆ గుమాస్తాకు రోజుకు ఎంత పని పెరుగుతుందో యజమానికి అప్పుడే అర్థమవుతుంది.

కాలపు అంచు గురించి మాట్లాడేవారు ఇంకా తక్కువ. లెక్కల సాఫ్ట్‌వేర్ అలవాటున్నవారు మార్చి 31న పుస్తకం మూసేస్తామని సహజంగా అనుకుంటారు. ప్రభుత్వ వడ్ల లెక్క అలా మూతపడదు. వానాకాలం, యాసంగి అనే రెండు సీజన్ల బాకీలు వేర్వేరు, పైగా బియ్యం అప్పగింత గడువును కేంద్ర ప్రభుత్వం పొడిగిస్తూ పోవడం తెలంగాణలో తరచూ జరిగేదే. అంటే ఒకే రోజున రెండు మూడు సీజన్ల ఖాతాలు తెరిచి ఉండవచ్చు, ఆ రోజు వెళ్లే లారీ బియ్యం ఏ సీజన్ బాకీలో జమ కావాలో ఎవరో ఒకరు చెప్పాలి. ఇక పాత సీజన్ల నిల్వ అంకెల మాట. కొత్త వ్యవస్థ ఏదో ఒక తేదీన మొదలవుతుంది, ఆ తేదీ నాటి నిల్వ ఎంతో చెప్పాలి. పాత రిజిస్టర్లు, యార్డు కొలత, శాఖ దగ్గరి అంకె, ఈ మూడూ ఒకటి కానప్పుడు ఏది నిజమని సంతకం పెట్టేది ఎవరు? పాత సమాచారాన్ని ఎక్కించడం అన్నది చాలా ధర పత్రాల్లో కనిపించదు, కనిపించినా చివరి వరుసలో ఉంటుంది. నిజానికి ప్రాజెక్టు ఆలస్యం సగం అక్కడే మొదలవుతుంది.

స్థలపు అంచుకు మిల్లు కంటే చేనేత సహకార సంఘం మంచి ఉదాహరణ. పోచంపల్లిలోనో గద్వాలలోనో సంఘం నూలు ఇస్తుంది, నేత కార్మికుడి ఇంట్లో మగ్గం మీద చీర తయారవుతుంది, సంఘానికి తిరిగి వస్తుంది. పడుగు ఎక్కించి సగం నేసిన చీర సంఘం స్టాకా, నేత కార్మికుడి చేతి పనా? వ్యవస్థ సంఘం గడప దగ్గర ఆగుతుందా, మగ్గం దాకా వెళుతుందా అన్న ఒక్క నిర్ణయంతో ప్రాజెక్టు ఖర్చు రెండింతలు కావచ్చు.

అంచు ఎక్కడుందో మాటల్లో అడిగితే అందరూ తలొక విధంగా చెబుతారు. కాగితాలను అడిగితే జవాబు సూటిగా వస్తుంది. సీజన్ ఉధృతంగా ఉన్న ఒక రోజును ఎంచుకొని, ఆ రోజు మిల్లులో పుట్టిన ప్రతి చీటీని, వచ్చిన ప్రతి కాగితాన్ని బల్ల మీద పరచాలి: ట్రక్ షీట్లు, వేబ్రిడ్జి రసీదులు, తేమ మీటరు చూసి పెన్సిల్‌తో రాసిన ముక్క, గోనె సంచుల లెక్క, హమాలీ మేస్త్రి గీతలు గీసిన అట్టముక్క, డ్రైవరుకు ఇచ్చిన డీజిలు చీటీ, గోదాము నుంచి వెనక్కి వచ్చిన లాటు తాలూకు కాగితం. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకొని గుమాస్తాను మూడే ప్రశ్నలు అడగాలి. ఇది వ్యవస్థలోకి వెళుతుందా? వెళితే ఎవరు ఎక్కిస్తారు? వెళ్లకపోతే రేపటి నుంచి దీన్ని ఎవరు ఎక్కడ దాచిపెడతారు? ఈ పరీక్షలో స్క్రీన్ల జాబితాలో ఎన్నడూ కనిపించని సంగతులు బయటికొస్తాయి. గోనె సంచులు అలాంటివే. కొత్త సంచి ఎవరిది, వాడిన సంచి ఎవరికి తిరిగివ్వాలి, చిరిగినవాటి లెక్క ఎవరి మెడకు చుట్టుకుంటుంది అన్నది మిల్లులో రోజూ జరిగే చర్చ, కానీ "అవసరాలు చెప్పండి" అంటే యజమానికి అది గుర్తుకు రాదు. నాణ్యత సరిపోలేదని గోదాము తిప్పిపంపిన బియ్యం లాటు మరొకటి. సజావుగా సాగే దారిని అందరూ చెబుతారు, వెనక్కి వచ్చిన లారీ సంగతి డ్రైవరుకూ గుమాస్తాకూ మాత్రమే తెలుసు.

ఇలా తేలినవాటిలో కొన్ని లోపలికి వస్తాయి, కొన్ని బయట ఉంటాయి. బయట ఉంచిన ప్రతిదాని పక్కనా ఒక మనిషి, ఒక పుస్తకం ఉండి తీరాలి. గోనె సంచులు పరిధిలో లేవు అని రాసి వదిలేయడం వేరు, గోనె సంచుల రిజిస్టరును ఇప్పటిలాగే గోదాము గుమాస్తా రాస్తాడు, నెలాఖరున మొత్తం అంకెను మాత్రం అకౌంటెంటు వ్యవస్థలో ఎక్కిస్తాడు అని రాయడం వేరు. రెండో వాక్యం చదివినప్పుడు గోదాము గుమాస్తా అడ్డు చెప్పవచ్చు, అకౌంటెంటు నా వల్ల కాదనవచ్చు. అనడమే మంచిది. ఆ మాట ప్రాజెక్టు మొదట్లో వస్తే ఒక గంట చర్చతో పోతుంది, చివర్లో వస్తే డబ్బుతో గానీ పోదు. ప్రాధాన్యాలు నిర్ణయించడానికి 1994 ప్రాంతంలో పుట్టిన మాస్కో (MoSCoW) పద్ధతిలో తప్పక కావాల్సినవి, ఉండాల్సినవి, ఉంటే బాగుండేవి, ఈసారికి ఉండనివి అని నాలుగు గడులుంటాయి. ఆచరణలో మొదటి గడి నిండిపోతుంది, చివరి గడి ఖాళీగా మిగులుతుంది. నాలుగో గడి ఖాళీగా ఉన్న పత్రం మీద ఎవరూ సంతకం పెట్టకూడదు, ఎందుకంటే అక్కడ ఏమీ లేదంటే వదిలేసినవి ఏమీ లేవని కాదు, వాటి గురించి ఎవరూ ఆలోచించలేదని మాత్రమే.

బయట ఉంచిన పని ఎంత పెద్దదవుతుందో తెలంగాణలో అందరికీ తెలిసిన ఉదాహరణ భూమి రికార్డుల పోర్టల్. 2017లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో వివాదం లేని భూములను పార్ట్-ఏగా, వివాదాలున్నవాటిని పార్ట్-బీగా విడదీశారు. 2020లో కొత్త పట్టాదారు పాసుపుస్తకాల చట్టం, దానితో పాటే అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చాయి. తహసీల్దారు కార్యాలయంలోనే రిజిస్ట్రేషను, వెంటనే మ్యుటేషను (రికార్డులో యజమాని పేరు మార్పు) అనే ప్రధాన లక్ష్యం స్పష్టమైనది, రికార్డు సరిగ్గా ఉన్న రైతుకు అది నిజంగా ఉపయోగపడింది కూడా. అయితే రికార్డులో పేరు తప్పు పడినవారు, విస్తీర్ణం తగ్గినవారు, సర్వే నంబరే కనిపించనివారు, పట్టా భూమి నిషేధిత జాబితాలో చేరినవారు మొదట్లో ఏం చేయాలో పోర్టల్‌లో సరైన దారి లేదు. తప్పుల సవరణ అన్నది తొలి పరిధిలో లేని పని. అది మాయం కాలేదు, కలెక్టరేట్ల ముందు అర్జీలుగా, కోర్టుల్లో కేసులుగా పేరుకుపోయింది. తర్వాత ఒక్కొక్కటిగా మాడ్యూళ్లు చేర్చుతూ పోయారు. పాసుపుస్తకంలో సవరణల కోసం తెచ్చిన టీఎం-33 ఎంతగా వాడుకలోకి వచ్చిందంటే, పాలమూరు పల్లెల్లో మీసేవ కేంద్రం దగ్గర నిలబడ్డ రైతు కూడా ఆ మాడ్యూలు నంబరు చెప్పి మాట్లాడే పరిస్థితి ఏర్పడింది. ఒక సాఫ్ట్‌వేర్ లోపలి నంబరు ఊరి వాడుక మాటగా మారిందంటే, ఆ పని మొదటి నుంచీ ఎంత అవసరమైనదో అదే చెబుతోంది.

ఈ ఉదాహరణను కేవలం సాంకేతిక లోపంగా చూడడం న్యాయం కాదు. సవరణ అధికారం ఎవరికి ఉండాలన్నది చట్టం తేల్చవలసిన సంగతి, చట్టంలోనే ఆ దారి ఇరుకుగా ఉన్నప్పుడు పోర్టల్‌లో విశాలంగా ఉండదు. అందుకే 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చినప్పుడు సవరణలకు, అప్పీళ్లకు ముందుగా చట్టంలో చోటు పెట్టారు. ఏప్రిల్‌లో ప్రారంభించినప్పుడు పైలట్‌గా ఎంచుకున్న నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. అక్కడ ఊళ్లలో రెవెన్యూ సదస్సులు పెట్టి అర్జీలు తీసుకున్నారు. అవసరాల సేకరణ కోణంలో చూస్తే అది చెప్పుకోదగ్గ పద్ధతి: తప్పు ఉన్న రికార్డులు ఎన్ని రకాలుగా తప్పుగా ఉన్నాయో తెలుసుకోవాలంటే, సరిగ్గా ఉన్న రికార్డులను చూసి లాభం లేదు. మిల్లుకూ ఇదే వర్తిస్తుంది. వెనక్కి వచ్చిన లాట్లు, తేడా వచ్చిన ట్రక్ షీట్లు ఒక కట్టగా కట్టి చదివితే, యజమాని పది సమావేశాల్లో చెప్పేదాని కంటే ఎక్కువ తెలుస్తుంది.

పరిధి పత్రంలో రాయకుండా మనసులో పెట్టుకున్న ఊహలు మరో రకం చిక్కు తెస్తాయి. తెలంగాణ ఏర్పడినప్పుడు పది జిల్లాలు. 2016 అక్టోబరు 11న అవి 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33. ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, ఆ తర్వాత నారాయణపేట వచ్చాయి. జిల్లా కోడ్ మారదన్న ఊహతో కట్టిన వ్యవస్థకు 2016 తర్వాత ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది: కోదాడలో 2015లో జరిగిన లావాదేవీని నల్లగొండ కింద చూపాలా, సూర్యాపేట కింద చూపాలా? రెండూ సరైనవే, అడిగే మనిషిని బట్టి. పరిధి పత్రం రాసేనాడు ఏ జిల్లా ఎప్పుడు చీలుతుందో ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగేదల్లా జిల్లా, మండలం, ధర, దిగుబడి నిష్పత్తి లాంటివి మారే స్వభావం ఉన్నవని, వాటిని తేదీలతో సహా దాస్తామని, మార్చే పని ఫలానా వారిదని. 67, 68 అనే అంకెలను ప్రోగ్రాములో పాతిపెట్టకుండా పట్టికలో పెట్టడం చిన్న ఖర్చుతో అయ్యే పని. కానీ ఆ ఖర్చు కూడా పరిధిలో ఒక అంశమే, ఎవరో ఒకరు దానికి డబ్బు కట్టాలి.

మార్పులు వచ్చినప్పుడు వాటన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల కూడా వైరాలు పెరుగుతాయి. 2024 వానాకాలం నుంచి రాష్ట్ర ప్రభుత్వం సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ఏడాది మద్దతు ధర సాధారణ రకానికి 2,300, ఏ గ్రేడుకు 2,320. అప్పటిదాకా ఈ రెండు రకాలతో నడిచిన ఏ సాఫ్ట్‌వేర్‌కైనా సన్నం, దొడ్డు అనే కొత్త విభజన అవసరమైంది, కుప్పలు వేరుగా ఉంచాల్సి వచ్చింది, లెక్కలు కూడా వేరయ్యాయి. ఇది మిల్లు యజమాని కోరిక కాదు, సాఫ్ట్‌వేర్ కంపెనీ తప్పూ కాదు, బయటి నుంచి వచ్చిన మార్పు. దీనికి భిన్నంగా, ట్రక్ షీట్ తేడాల సంగతి మధ్యలో తెలిసిందనుకుంటే అది మొదటే అడగవలసిన ప్రశ్న, అడగనివారు కొంత భారం మోయాలి. యజమాని బావమరిది మరో మిల్లులో రంగురంగుల గ్రాఫులు చూసి వచ్చి అలాంటివే కావాలంటే అది కోరిక, దానికి వేరే బిల్లు. మార్పు అడిగినప్పుడు అది ఏ రకమో ముందు తేల్చి, ఏ రకం ఖర్చు ఎవరిదో ఒప్పందంలోనే రాసుకుంటే చేంజ్ రిక్వెస్టు మీద సంతకానికి ముఖాలు మాడ్చుకోవలసిన అవసరం ఉండదు. మార్పులను పట్టించుకోకుండా లోపలికి రానిస్తూ పోతే ఎంత పెద్ద సంస్థకైనా నష్టమే. అమెరికాలో దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కోసం మొదలైన వర్చువల్ కేస్ ఫైల్ అనే ప్రాజెక్టును దాదాపు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో వదిలేశారు. దాని వైఫల్యానికి చెప్పిన ముఖ్య కారణాల్లో అవసరాలు స్థిరపడకుండా మారుతూ పోవడం ఒకటి.

ప్రభుత్వ టెండర్లలో ఈ చిక్కు తలకిందులుగా ఉంటుంది. అక్కడ పరిధిని అవసరాల సేకరణ తర్వాత కాదు, ముందే టెండరు పత్రంలో రాసేస్తారు. గెలిచిన కంపెనీ మొదటి నెలల్లో క్షేత్రానికి వెళ్లి పని తీరు చూసేసరికి ధర ఖరారై ఉంటుంది, కొత్తగా తెలిసిన ప్రతి సంగతీ వారికి నష్టంగానే కనిపిస్తుంది. అందువల్ల చూసినదాన్ని చూడనట్టు ఉండడమే లాభసాటి అవుతుంది. అధ్యయనానికి ఒక చిన్న టెండరు, నిర్మాణానికి మరో టెండరు అని విడదీస్తే కొంత సమయం పోతుందన్నది నిజమే, కానీ రెండో టెండరులో పరిధి అన్న శీర్షిక కింద వేరే చోటి నుంచి తెచ్చి అతికించిన పేరాలు కాకుండా ఈ చోటి సంగతులు ఉంటాయి.

పత్రం ఏ మూసలో ఉండాలన్నది పెద్ద ప్రశ్న కాదు. అవసరాల పత్రాల కోసం తెచ్చిన 1998 నాటి ఐఈఈఈ 830 ప్రమాణం, దాని స్థానంలో 2011లో వచ్చిన ఐఎస్ఓ 29148 రెండూ పరిధికి ఒక విభాగాన్ని కేటాయించాయి, ఊహలకు, ఆధారపడే అంశాలకు చోటిచ్చాయి. ఏ మూస వాడినా ఫరవాలేదు. పత్రం తెలుగులో ఉండాలా అన్నది మాత్రం పట్టించుకోవలసిన విషయమే. ఇంగ్లీషులో ఉన్న ముప్పై పేజీల పత్రం మీద యజమాని సంతకం పెడతాడు, గోదాము గుమాస్తా చదవడు. పనిని నిజంగా మోసే మనిషి చదవని పత్రానికి అతని ఒప్పుదల ఉన్నట్టు కాదు. లోపల ఏముంది, బయట ఏముంది, బయట ఉన్నది ఎవరు చేస్తారు అనే మూడు సంగతులతో రెండు పేజీల తెలుగు కాగితం వేరుగా తయారు చేసి, మిల్లులో అందరి ముందూ చదివి వినిపించడం మంచిది. చదువుతున్నప్పుడు హమాలీ మేస్త్రి మధ్యలో అందుకొని "మరి రాత్రి పూట దిగిన లారీకి ఎవలు రాస్తరు సార్?" అని అడిగితే, ఆ సమావేశం ఖర్చు అక్కడికక్కడే తిరిగి వచ్చినట్టు.

రాత్రి లారీ ప్రశ్న ఊరికే పుట్టదు, అది సీజన్‌లో మాత్రమే పుడుతుంది. ఖాళీ కాలంలో వెళ్లిన అనలిస్టుకు శుభ్రంగా ఊడ్చిన యార్డు, తీరిగ్గా టీ పోయించే యజమాని, అడిగినదానికల్లా సవ్యంగా జవాబు చెప్పే గుమాస్తా కనిపిస్తారు. కంప్యూటరు గదిలో కరెంటు పోవడం, కొనుగోలు కేంద్రంలో నెట్ అందకపోవడం, ఒకే లాగిన్‌ను ముగ్గురు వాడడం, చీకట్లో లారీలు వరుస కట్టడం లాంటివి కోతలు ముమ్మరమైనప్పుడే కళ్లబడతాయి. వానాకాలం వడ్లు అక్టోబరు నుంచి, యాసంగి వడ్లు ఏప్రిల్ నుంచి యార్డుల్లోకి వస్తాయి. అధ్యయనాన్ని ఈ నెలల్లో పెట్టుకొని, పరిధిని ఖరారు చేసే చర్చను లారీలు తగ్గాక పెట్టుకుంటే చూసింది మరిచిపోకముందే, మాట్లాడే తీరిక దొరికాకే సంతకాలు జరుగుతాయి. మొదటి సీజన్ వాడకం ముగిశాక బయట ఉంచినవాటి జాబితాను మళ్లీ తెరిచి, ఒక్కొక్క అంశం కింద ఆ సీజన్‌లో ఎవరికి ఎన్ని గంటలు పట్టిందో వారినే అడిగి రాయించాలి. రెండో దశలో ఏది లోపలికి రావాలన్నది ఆ గంటల లెక్కను బట్టి తేల్చుకోవచ్చు.